పందిరి నీడకి రీలు వెతుక్కుంటూ, రామచంద్రపురం నుంచి రాజమండ్రి దాకా

రాజమండ్రిలో రీళ్ళు కడిగే వెంకటరత్నం మా అన్నయ్య కూతురి పెళ్ళి ఫొటోలు నాశనం చేశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ మాట నేను చెప్పని ఫొటోగ్రాఫరు మా చుట్టుపక్కల లేడు. పెళ్ళికూతురు సత్యవతి మొహం పసరు పూసినట్టు వచ్చింది. పెళ్ళికొడుకు కామెర్ల రోగిలా ఉన్నాడు. ఆ రోజుల్లో రామచంద్రపురంలో నాకు స్టూడియో ఉండేది. చదివింది ఐదో తరగతే అయినా వెలుగు చదవడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. కెమెరా నాది, చెయ్యి నాది, రీలు అన్నిటికన్నా ఖరీదైనది. ఇంక తప్పు ఎవరిది? కడిగినవాడిదే. వాడి ల్యాబు కౌంటరు మీద ఫొటోలు విసిరికొట్టి, పదిమంది ముందు "రీలు కడిగే మందునీళ్ళు కుళ్ళేదాకా మార్చవా?" అని అరిచి, మళ్ళీ వాటినే ఏరుకుని వచ్చాను.

ఇప్పుడు ఈ ప్రయాణం ఎందుకంటే, వచ్చే ఆదివారం సత్యవతి భర్తకి షష్టిపూర్తి. "బాబాయ్, అప్పట్లాగే పచ్చాకు పందిరి వేయిస్తున్నాం. అప్పట్లాగే రీలు కెమెరాతో నువ్వే తియ్యాలి. ఈసారి మాత్రం నా మొహం మనిషి మొహంలా రానియ్యి" అంది. నవ్వుతూనే అంది, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇప్పుడు రీళ్ళు దొరకడమే కష్టం. ఒకటి పాడైతే ఇంకోటి కొనుక్కుందాంలే అనుకునే ధర కాదు. అందుకని సత్యవతి భర్త తన డిజిటల్ కెమెరా నాకిచ్చాడు. అందులో ఫిల్మ్ సిమ్యులేషన్ అని ఒకటి ఉంది. మీట తిప్పితే ఎదురుగా ఉన్నదే ఒకసారి గాఢమైన రంగుల రీలు మీద తీసినట్టు, ఒకసారి మెత్తని రంగుల రీలు మీద తీసినట్టు, ఇంకోసారి నలుపు తెలుపులో కనిపిస్తుంది. ఏది నచ్చితే దానికి దగ్గరగా ఉండే అసలు రీలు కొనుక్కోవచ్చు. రీలు కెమెరా పట్టుకుని మా వైపు రావాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మంగళవారం పొద్దున్న ఆరు గంటలకి ద్రాక్షారామం వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. ఇరవై రూపాయలు, ఇరవై నిమిషాలు. డ్రైవరు నన్ను ఎరిగినవాడే.

"ఏంటి బాబాయ్ గారూ, కొత్త కెమెరా! మళ్ళీ స్టూడియో తెరుస్తున్నారా?"

"స్టూడియో కాదురా. రీలు కొనే ముందు రంగు చూసుకుంటున్నాను."

"రీలు కొనడానికి ఇంకో కెమెరా ఏంటండీ? చీర కొనే ముందు రంగు చూసుకోడానికి ఇంకో చీర కొన్నట్టుంది!"

ఆటోలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వెధవ, మాట మాత్రం బాగానే అన్నాడు. ద్రాక్షారామంలో నేను గుడి లోపల కెమెరా తియ్యలేదు. బయట నుంచి గోపురం తీశాను, తర్వాత కాలవ గట్టు మీద నడుస్తూ చేలు తీశాను. ఏడు గంటల ఎండ పక్కనుంచి పడుతోంది. ప్రతిదీ మూడు రకాలుగా తీసి చూశాను. అన్నిట్లోనూ గాఢమైన రంగులదే గెలిచింది. చేలు చూస్తే కళ్ళు చల్లబడేంత పచ్చగా ఉన్నాయి. సత్యవతి పెళ్ళికి నేను వాడింది సరిగ్గా ఇలాంటి రీలే. "చూశావా వెంకటరత్నం, రీలు మంచిదే" అని పైకే అన్నాను. గట్టు మీద నేను తప్ప ఎవరూ లేరు.

ఎనిమిదికల్లా రామచంద్రపురం తిరిగొచ్చి, మండపేట మీదుగా రావులపాలెం చేరేసరికి పది దాటింది. అక్కడి అరటి మార్కెట్ చూడాలనుకుంటే మీరు నాకన్నా ముందే రండి. సైకిళ్ళకి రెండు పక్కలా గెలలు కట్టుకుని రైతులు వచ్చే వేళ పొద్దున్నే. నేను వెళ్ళింది మాత్రం పందిరి కోసం. ఓ వరసలో వరలక్ష్మి గారనే ఆవిడ పచ్చి కొబ్బరాకులతో నీడ వేసుకుని, గెలలు నిలబెట్టి అమ్ముతున్నారు. షష్టిపూర్తి పందిరి కింద పడబోయే నీడ అచ్చం ఇదే. ఫొటో తియ్యచ్చా అని అడిగాను.

"నన్నెందుకండీ? గెలల్ని తీసుకోండి, అవైతే కదలవు, మేకప్పూ అడగవు."

ఆవిడ మాట్లాడుతూ ఉండగానే గాఢమైన రంగుల్లో తీశాను. మొహం బ్రహ్మాండంగా వచ్చింది. ఇంక చూడాల్సిందేముంది అనుకుని, ఆ రకం రీలు ఉందో లేదో కనుక్కుందామని అక్కడి నుంచే రాజమండ్రిలో రీళ్ళమ్మే షాపుకి ఫోన్ చేశాను. ఎక్కడ వాడతారని షాపతను అడిగాడు. పచ్చాకు పందిరి కింద, పట్టపగలు అన్నాను.

"కెమెరాలో చూసుకున్నానంటున్నారు. వైట్ బ్యాలెన్స్, అదే వెలుగు రంగుని సరిచేసే సెట్టింగు, దేని మీద పెట్టారండి?"

"దాన్ని నేను ముట్టుకోలేదు. ఆటోమేటిక్ మీదే ఉంది."

"అయితే చూసినట్టు కాదండి. ఆటోమేటిక్‌లో ఉంటే, ఆకుల నీడలో పచ్చదనాన్ని కెమెరా తనంతట తనే తీసేస్తుంది. రీలుకి ఆ తెలివి ఎక్కడిది? సూర్యుడి గుర్తున్న ఎండ బొమ్మ మీద పెట్టి, అదే మనిషిని మళ్ళీ తియ్యండి."

ఎండ బొమ్మ వెతికి పెట్టి మళ్ళీ తీశాను. వరలక్ష్మి గారు తొంగి చూశారు. "ఇదేంటండి బాబూ, నన్నూ పచ్చి గెలల్లో కలిపేశారు! నేను పండేదాకా ఆగుతారా ఏంటి?" అని ఆవిడ నవ్వితే, పక్క కొట్టువాళ్ళు కూడా వచ్చి చూసి నవ్వారు. నేను చూస్తున్నది ఆవిడ మొహం కాదు. అది పీటల మీద కూర్చున్న సత్యవతి మొహం. అదే పసరు రంగు. ఆకుల్లోంచి దిగిన ఎండ పచ్చగా దిగుతుంది. చేలని అందంగా చూపించే రీలు ఆ పచ్చదనాన్ని ఇంకో రెండింతలు చేసి మొహం మీద పెడుతుంది. మెత్తని రంగుల మీట తిప్పి, ఆవిడని ఆకు నీడ అంచుకి, తెల్లటి వెలుగులోకి రెండడుగులు జరగమన్నాను. మనిషి రంగు వచ్చింది. ముప్ఫై ఏళ్ళ కిందట నేను చెయ్యాల్సిన పని అది. మనుషుల మొహాలు తీసేచోట పొలాల రీలు వాడింది నేను.

ఇంకా సిగ్గుచేటు ఏంటంటే, ఆ రోజు కౌంటరు వెనక నుంచి వెంకటరత్నం గారు ఈ మాటే చెప్పారు. "పచ్చ రీల్లోనే పడిందండి. ప్రింటులో నేను సగం తీసేస్తేనే, బయట ఎండలో కూర్చున్నవాళ్ళ తెల్ల పంచెలు గులాబీ రంగుకి తిరుగుతున్నాయి" అన్నారు. నిజంగానే ఆల్బంలో ఆ పంచెలు గులాబీ రంగులోనే ఉన్నాయి. సాకులు చెబుతున్నాడనుకున్నాను. వరలక్ష్మి గారి పచ్చ ఫొటో చెరిపేద్దామని వేలు మీట దాకా వెళ్ళింది. చెరపలేదు.

రావులపాలెం నుంచి రాజమండ్రికి హైవే మీద బస్సులు ఎడతెరిపి లేకుండా ఉంటాయి, గంట ప్రయాణం. ఒంటిగంటకి దిగి షాపుకి వెళ్ళి మెత్తని రంగుల రీలు తీసుకున్నాను. కడిగేదెవరని అడిగాను.

"ఈ ఊళ్ళో కలరు రీలు చేత్తో కడిగేది మాకు తెలిసి వెంకటరత్నం గారొక్కరేనండి. పక్క వీధిలో మేడ మీద. మీది రామచంద్రపురం అన్నారు కదా? ఒకప్పుడు ఆయనకి సగం పని మీ వైపు నుంచే వచ్చేదట. ఎవరో ఏదో అన్నారని మీవాళ్ళంతా మానేశారు. ఆ దెబ్బకి ల్యాబు మూతపడింది."

ఆ ఎవరో నేనేనని అతనితో అనలేకపోయాను. మేడ మెట్లు మాత్రం ఎక్కాను. ఆయన కడిగిన రీలు ముక్కలు తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేస్తున్నారు. పేరు చెప్పాను. ఒక్క క్షణం చూసి, "రండి, కూర్చోండి" అన్నారు. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చారు. కెమెరా ఆన్ చేసి ఆ పచ్చ ఫొటో ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు తగిలించుకుని చూశారు.

"ఆకు నీడండి. ఆ రోజే చెప్పాను."

"చెప్పారు."

"మీరు వినలేదు."

"వినలేదు."

అక్కడే చెప్పాల్సిన మాట చెప్పేస్తే అయిపోయేది. నా నోరు ఏమందో తెలుసా? "ఆదివారం ఒక రీలు తీస్తున్నానండి. కడుగుతారా?" అంది. ఆయన కళ్ళజోడు తీసేశారు. కోపం లేదు, గొంతు కూడా పెరగలేదు.

"మీరు తప్పు ఒప్పుకోడానికి వచ్చారా, రీలు కడిగించుకోడానికి వచ్చారా?"

సగం మజ్జిగ వదిలేసి మెట్లు దిగి వచ్చేశాను. అయిదింటికి మా ఊరి బస్సు దొరికింది. గోదావరి గట్టు మీద మంచి వెలుగుంది, అందరూ కిటికీల్లోంచి ఫోన్లతో నదిని తీస్తున్నారు. నేను కెమెరా సంచిలోంచి బయటికి తియ్యలేదు.

ఈ ప్రయాణంలో నాకు తెలిసింది రెండు ముక్కలు. కెమెరా ఆటోమేటిక్‌లో ఉన్నంతసేపు నాకు నచ్చిందే చూపించింది. నేను కూడా ముప్ఫై ఏళ్ళు అలాగే చూసుకున్నాను, నాది తప్పు కాదన్నట్టు. మీకు పనికొచ్చే మాట ఇదొక్కటి: సిమ్యులేషన్‌తో రీలు ఎంచుకునేటప్పుడు వైట్ బ్యాలెన్స్ ఎండ బొమ్మ మీద పెట్టి కదపకండి, మీరు తియ్యబోయే నీడలోనే, ఒక మనిషి మొహం మీదే చూడండి. అప్పుడు కూడా అది అసలు రీలుకి దగ్గర చుట్టమే తప్ప అసలు రీలు కాదు.

వెంకటరత్నం గారూ, షాపతను ఇది మీకు చూపిస్తానన్నాడు. నింద పదిమందిలో వేశాను కాబట్టి ఇది కూడా పదిమందిలోనే రాస్తున్నాను. తప్పు నాది. మీ మందునీళ్ళది కాదు, మీ చేతిది కాదు. ఆదివారం తీసే రీలు హైదరాబాదుకి కొరియర్‌లో పంపుతున్నాను, కవరు మీద అడ్రసు కూడా రాసేశాను. కాబట్టి మీతో నాకిప్పుడు పనేమీ లేదు. పందిట్లోకి మా వైపు ఫొటోగ్రాఫర్లంతా వస్తారు, వాళ్ళకి నిజం చెప్పి తీరతాను. వాళ్ళకన్నా ముందు మీ ఎదురుగా నిలబడి చెప్పాలి. మీ మేడెక్కనిస్తారా? మీకు గడువు పెట్టే మొహం నాకు లేదు. అయినా పెడుతున్నాను. అవునో కాదో శనివారం సాయంత్రం ఆరు లోపు షాపతనితో చెప్పి పంపండి.