తడిసిన కొండ రంగు

మా పాలిష్ యూనిట్‌లో ఇంద్రాణి పని రాళ్ళ మీద నీళ్ళు పోయడం. అదీ ఒక పనేనా అనిపిస్తుంది. బర్గూరు చుట్టుపక్కల క్వారీల నుంచి వచ్చే గరుకు గ్రానైట్ దుమ్ము కొట్టుకొని ఉంటుంది. నీళ్ళు పడితేనే, పాలిష్ అయ్యాక తేలబోయే అసలు రంగు బయటపడుతుంది. అది చూసి ఏ రాయి ఏ రకమో ఆమె చెప్పాలి. పక్కనే మెషిన్ నడిపే నేను, ఆమె మాట తప్పు కావడం ఎన్నడూ చూడలేదు.

ఆ నీళ్ళ పిచ్చే ఆమెను కెమెరా దాకా తీసుకెళ్ళింది. ఆదివారం వాన పడిందంటే చాలు, సెకండ్‌హ్యాండ్ కెమెరా మెడలో వేసుకొని పుట్టింటి ఊరి వెనక కొండకు పోతుంది. ఎండలో ఎందుకు తీయవని అడిగాను.

"పొడి రాయిలో ఏముందప్పా చూసేదానికి? తడిసినాకే కదా దాని రంగు తెలిసేది," అంది.

షట్టర్ మెల్లగా మూసుకునేలా పెట్టి తీస్తుంది. గాలికి ఊగే గడ్డి, కదిలే మబ్బు కుంచెతో రుద్దినట్టు పడతాయి. కదలని బండ మాత్రం గులాబీ, ఊదా చారలతో నిలుస్తుంది. చూసిన ప్రతివాళ్ళూ "ఎవరు వేసినారు ఈ బొమ్మ?" అనేవాళ్ళు. ఇంద్రాణికి ఒళ్ళు మండేది.

"వేసింది కాదు, తీసినాను. నిజంగా ఉండే కొండ. యాడుందని ఒక్కరన్నా అడగరే," అని నా మీద ఎగిరేది.

నేనూ మొదట నమ్మలేదు. ఒక వాన రోజు వెంట వెళ్ళి, ఆ బండను కళ్ళారా చూసి నోరు మూసుకున్నాను.

ఆయుధపూజకు మేమంతా మెషిన్లు కడిగి, ఎవరి చోటు వాళ్ళం అలంకరిస్తాం. ఈసారి ఇంద్రాణి ఆ కొండను కృష్ణగిరిలో పెద్ద ప్రింటు వేయించి, తన నీళ్ళ డ్రమ్ము పైన తగిలించింది. బంతిపూల దండ కూడా వేసింది.

"ఫోటోకు దండ పోయినోళ్ళకు కదమ్మా వేసేది," అన్నాను. నవ్వి దండ సరిచేసింది.

ఓనరు శ్రీనివాసప్ప హారతి కళ్ళకద్దుకొని వస్తూ దాని ముందు ఆగాడు. అందరూ మబ్బులు చూస్తే ఆయన బండను చూశాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

"ఈ కలర్ రాయి యాడుందమ్మా? లీజుకు అడిగేద్దాము."

అప్పుడు తట్టింది మా ఇద్దరికీ. రాళ్ళ యూనిట్‌లో కొండ ఫోటో పెట్టడమంటే శాంపిల్ పెట్టడమే. రంగు నచ్చిన కొండ ఏమవుతుందో మాకు తెలియనిది కాదు, రోజూ ముక్కలుగా మా ముందే లారీల నుంచి దిగుతుంది. ఇన్నాళ్ళు ఆమె ఎదురుచూసిన ప్రశ్నే అది. అడగకూడని మనిషి అడిగాడు.

ఇంద్రాణి డ్రమ్ము అంచు పట్టుకుంది.

"ఫోటో కాదు సార్. బొమ్మ. నేనే వేసినాను."

ఆయన ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళి గడ్డిని, మబ్బును పరీక్షగా చూశాడు. కుంచె గీతల్లాగే ఉన్నాయి మరి. కళ్ళజోడు తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"బాగా వేసినావు. అయినా నీకు తెలియందా, రాయికి ఇట్లాంటి రంగు యాడొస్తుంది?"

"రాదు సార్," అంది ఇంద్రాణి.

రాయి రంగు విషయంలో ఆమె తప్పు చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే.