మోయిరమ్మ గాలిమరలు

హీటర్ మీద నారింజ తొక్కలు ఎండే వాసన తగిలితే చాలు, నేవన్ అనే ఈ ఊళ్ళో మా పక్కింటి మోయిరమ్మ గొంతు వినిపిస్తుంది. ఆవిడ బడిలో స్పానిష్ చెప్పి రిటైరైన పంతులమ్మ. మా ఆయన పోయాక కూతురు పద్మ దగ్గరికి వచ్చి, ఈ పరాయి దేశంలో నోరు మూసుకుని కూర్చున్న నన్ను టీకి పిలిచింది ఆవిడొక్కతే. నాకు సంతకం, బస్సు బోర్డులు తప్ప చదువు రాదు. ఇదంతా నేను చెబుతుంటే పద్మ రాస్తోంది.

ఆవిడ ఒళ్ళో ఎప్పుడూ ఒకే పుస్తకం. స్పెయిన్ వాళ్ళ ఏనాటిదో పాత నవల, గాలిమరలను రాక్షసులనుకుని వాటి మీదికి యుద్ధానికి పోయే ముసలాయన కథ. ఏళ్ళ తరబడి అదే పాఠం చెప్పినా ఇంకా పెన్సిలుతో గీతలు గీస్తూనే ఉండేది. కొంచెం స్పానిష్‌లో చదివి, దాన్ని సులువైన ఇంగ్లీషులో, సగం చేతులతో నాకు చెప్పేది. నేను అలవాటుగా ఊ కొట్టేదాన్ని. ఊ కొట్టినప్పుడల్లా ఆగి, ఏమైంది, ఏమైనా కావాలా అని అడిగేది. మా వైపు ఊ కొట్టకపోతే కథ ముందుకు పోదని పద్మ చెప్పాక, నా ఊ పడందే పేజీ తిప్పేది కాదు.

చూపు తగ్గిపోతోందని, పూర్తిగా పోకముందే ఆ గాలిమరలను కళ్ళారా చూడాలని ఆవిడ అడిగితే, పద్మ సెలవు పెట్టి మా ఇద్దరినీ స్పెయిన్ తీసుకెళ్ళింది. గుట్ట మీద కారు దిగేసరికి ఆ గాలికి నా కొంగు నిలవలేదు. ఎదురుగా తెల్లటి మరలు, ఒకదాని వెనక ఒకటి. పక్కకు తిరిగితే, మోయిరమ్మ నవ్వుముఖంతో కార్లు ఆగిన వైపు చూస్తోంది. భుజం పట్టి మెల్లగా ఇటు తిప్పాను.

“ఆలస్యమైపోయింది లక్ష్మీ. వెలుగు తప్ప ఇంకేమీ తెలియట్లేదు. నువ్వు చెప్పు,” అంది.

“అక్షరం ముక్క రానిదాన్ని, నేనేం చెప్తా మోయిరమ్మా?”

“ఇన్నాళ్ళూ నేను చదివాను. ఇవాళ నీ వంతు.”

చెప్పాను. ఇంగ్లీషు అయిపోయిన చోట తెలుగులో చెప్పాను. సున్నం కొట్టిన పెద్ద గాదెల్లా ఉన్నాయని, నెత్తిన నల్ల టోపీలని, చేతులు నిచ్చెనల్లా ఉన్నాయని, అంత గాలికీ తిరగకుండా తాళ్ళతో కట్టేశారని. తాళ్ళ మాట వినగానే ఆవిడ ముఖం వెలిగింది.

“మనం వస్తున్నామని తెలిసి కట్టేసి ఉంటారు,” అంది.

కింద ఎర్రటి నేల ఆకాశాన్ని తాకేదాకా పరుచుకుందని చెప్పి, ఇక మాటలు దొరక్క ఆగిపోయాను.

“ఊ,” అంది మోయిరమ్మ.

ఆవిడ పోయింది. పుస్తకం ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే మా వంటింటి అలమారాలో, పప్పు డబ్బాల పక్కన ఉంది. నాకు చదవడం రాదు. కానీ ఆ రోజు నుంచి ఏది చూసినా ఆవిడకు చెప్పాలన్నట్టే చూస్తాను. ఈ పొద్దున వానకు తడిసి మెరుస్తున్న పక్కింటి గోడను చూసి, మాట మాట కూర్చుకుని మనసులో చెప్పాను. చెప్పి, కాసేపు ఆగాను.