ముందుగదిలో విమానం సీటు

సీట్ల మేస్త్రి అంటే ఆ వీధిలో అందరికీ తెలుసు. విమానాల సీట్లకు స్పాంజీ మార్చి, కవర్లు కుట్టడం ఆయన పని. ఇన్నేళ్లుగా వాటి మధ్యే బతుకుతున్నా ఒక్కసారైనా విమానం ఎక్కిన పాపాన పోలేదు. ఇప్పుడు ఎక్కక తప్పదు. భార్యను కన్నతల్లిలా పెంచిన అక్క దూరదేశంలో మంచం పట్టింది. నేరుగా వెళ్లే విమానానికే తొమ్మిది గంటల ప్రయాణం. ఈవిడకేమో నడుంనొప్పి. రెండు గంటలు కూర్చుంటే మూడో గంటకు కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

మేస్త్రి ఊరుకుంటాడా! పనికిరాదని మూల పడేసిన సీటొకటి అడిగి తెచ్చి ముందుగదిలో బిగించాడు. నడుం వెనక పెట్టుకోవడానికి, వెంట తీసుకెళ్లడానికి ఒక దిండు కుట్టాడు. ఇక ప్రతి ఆదివారం ఆవిడకు ప్రయాణమే. మధ్యలో లేచి వంటింటిదాకా నడిచి రావచ్చు, నడుం వాల్చడం మాత్రం కుదరదు. మొదటివారం మూడు గంటలకే చేతులెత్తేసింది. ఆయన దిండు విప్పి మళ్లీ కుట్టాడు. నెల తిరిగేసరికి ఏడు గంటలదాకా వచ్చింది.

ఎదురింటి పిన్నిగారు కిటికీలోంచి తొంగిచూసేది. "ఏమ్మా, ఎందాకా వచ్చారు?"

"ఇంకా సముద్రం మీదే ఉన్నాం పిన్నిగారూ. కాఫీ అడిగితే ఈయన పలకట్లేదు."

ఎలాగైనా తొమ్మిది గంటలూ కూర్చోవాలని పంతం పట్టిన ఆదివారం, మధ్యాహ్నం టికెట్లు బుక్ చేసే అమ్మాయి మేస్త్రికి ఫోన్ చేసింది. టికెట్లు తయారట. మాటల్లో మాటగా, "వచ్చేటప్పుడు ఎదురుగాలి అంకుల్, పదకొండు గంటలు పడుతుంది" అంది.

"అదేంటమ్మా, దూరం అదేగా?"

"దూరం అదే. గాలి ఒప్పుకోవాలిగా!"

మేస్త్రి గుండెలో రాయి పడింది. పోయేటప్పటి లెక్కే చూసుకుని మురిసిపోయాడు గానీ, ముందుంది ముసళ్ల పండగ అనుకోలేదు.

తొమ్మిది గంటలు గడిచాయి. ఆయన చెప్పలేదు. గోడగడియారానికి అడ్డంగా నిలబడి టేపు చుడుతున్నట్టు నటించాడు. తెలియకుండానే పదకొండూ అయిపోతాయని పిచ్చి ఆశ.

"కాస్త జరగండి. గడియారం కనపడకపోయినా నా నడుముకు తెలుస్తుంది. తొమ్మిది ఎప్పుడో దాటింది. ఏంటి సంగతి?"

దాచలేక చెప్పేశాడు. ఆవిడ మళ్లీ వెనక్కి ఆనుకుంది. పదో గంటకు పెదవి బిగపట్టింది. ఇంకాసేపటికి సీటు దిగి, నేలమీద పక్కకు ఒరిగి, "ఇక నా వల్ల కాదండీ" అంది.

మేస్త్రికి ఏడుపు ముంచుకొచ్చింది. తనవల్లే ఈవిడ ఇంత ఆశ పెట్టుకుంది. "పోనీలే, వద్దులే" అంటూ ఫోన్ తీశాడు. "ఆ అమ్మాయికి చెప్పి టికెట్లు రద్దు చేయిస్తాను. మీ అక్కను ఫోన్లోనే చూద్దువు గాని."

ఆవిడ పడుకున్నచోటి నుంచే ఆయన చెయ్యి పట్టి ఆపింది.

"రద్దు చేశారంటే ఊరుకోను. పోయేదానికి చాలుగా నా నడుం! వచ్చేటప్పుడు నొప్పి పెడితే పెట్టనీండి, ఏడుస్తూ వస్తాను. అప్పటికి అక్కను చూసేసి ఉంటాను కదా."