మల్ల వచ్చినవా?

నర్సంపేటలో మా ఇంటి వెనక చిక్కుడు పాదులు పెట్టాలని వెదురు పొద కొట్టించాం. అయినా వాన పడితే చాలు, నేలలోంచి పిలకలు పొడుచుకొచ్చేవి. మా అత్తమ్మ పొద్దున్నే గడ్డపార పట్టుకుని వెళ్లేది. ప్రతి పిలక ముందూ నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, "మల్ల వచ్చినవా? సిగ్గున్నదా నీకు?" అని తిట్టాకే వేరుతో సహా తవ్వేది. తిట్టకుండా తవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

మొన్నటి వానాకాలం ఆమెకు గుండె ఆపరేషన్ అయింది. ఇక లేవదనుకున్నాం. దవాఖాన నుంచి తెచ్చిన రోజే, మంచమెక్కకుండా నా భుజం పట్టుకుని పెరట్లోకి నడిచింది. చిక్కుళ్ల మధ్య జానెడు పిలక. దాన్ని చాలాసేపు చూసింది. ఈసారి తిట్టలేదు.

"నువ్వు గూడ వచ్చినవా?" అంది మెల్లగా.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడుస్తవేంది బిడ్డా? జర గడ్డపార తే."