పత్తికట్టె ఇటుకల గది

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. పదో తరగతి తప్పినా కొలతలు, లెక్కలు సొంతంగా నేర్చుకుని బతికినవాణ్ణి. టేపుకు అందనిది ఉండదనుకునేవాణ్ణి.

రెండు వేల తొమ్మిదిలో జూలూరుపాడు దగ్గర, అడవి అంచున ఒక కంపెనీ కొత్త రకం ఇటుకలు చేయించింది. పత్తికట్టె ముక్కలు ఉడకబెట్టి, పుట్టగొడుగు విత్తనం కలిపి అచ్చులో నొక్కితే, వారంలో తెల్లటి బూజు అల్లుకుని గట్టిపడుతుంది. తర్వాత వేడి గదిలో పెట్టి ఆ బూజును చంపేస్తారు. చస్తేనే అది ఇటుక. మట్టి కాల్చకుండా కట్టే ఇల్లు, ఊపిరి పీల్చే గోడ అని వచ్చినవాళ్లకు చెప్పేవారు. అక్కడ లెక్కలు చూడడం, కూలీలకు పని పంచడం నా వంతు.

అచ్చులు నింపేది మరియమ్మ. రోజుకు అరవై. అచ్చు విప్పినప్పుడల్లా లేచే దుమ్ముకు ఆమెకు దగ్గు పట్టుకుంది. వేరే పనిలో పెట్టమని నన్ను అడిగింది. ఇంకా పన్నెండు వందల ఇటుకలు కావాలి, ఇరవై రోజులు ఓపిక పట్టమన్నాను.

"ఇరవై రోజులంటే ఎన్ని ఊపిర్లు సారూ? అన్నిటికీ లెక్క చెప్తవ్ గదా, ఇది గూడ చెప్పు."

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి, నిమిషానికి పద్దెనిమిది చొప్పున వేసి చెప్పాను. ఐదు లక్షల పద్దెనిమిది వేల నాలుగు వందలు.

"అన్ని నా కాడ లేవ్" అని మళ్లీ అచ్చు మీదికి వంగింది.

ఆ రోజు నుంచి పదకొండో రోజు పడిపోయింది. ఖమ్మం దవాఖానాలో మంచం పక్కన నిలబడి, గడియారం చూస్తూ ఆమె ఊపిరి లెక్కపెట్టాను. అలవాటు. నిమిషానికి నలభై రెండు. పద్నాలుగో రోజు చనిపోయింది. ఆమె అచ్చుల దగ్గర వేరేవాళ్లను పెట్టాం. పని ఆగలేదు.

మర్నాడు పగలు పదకొండింటికి, వచ్చినవాళ్లకు చూపించడానికి కట్టిన నమూనా గదిలో గోడల నిటారు చూడ్డానికి గుండు దారం వేలాడదీశాను. మూడు గోడలు మరియమ్మ చేసిన ఇటుకలవి, ఒకటి మామూలు ఎర్ర ఇటుకది. తలుపు మూసి ఉంది, ఫ్యాను లేదు. ఆమె ఇటుకల గోడకూ దారానికీ మధ్య సందు పెరుగుతోంది, తగ్గుతోంది. దారం మార్చాను. అదే కదలిక. ఎర్ర ఇటుకల గోడ దగ్గర ఏమీ లేదు. గడియారం పెట్టి మూడుసార్లు లెక్కపెట్టాను. నిమిషానికి నలభై రెండు.

కంపెనీ ఇంజనీరుకు చూపించాను. చెమ్మకు ఉబ్బుతుందన్నాడు. నిమిషానికి నలభై రెండుసార్లు ఉబ్బుతుందా అని అడిగితే, పని చూసుకోమన్నాడు.

రోజూ వెళ్లి చూశాను. ఆరో రోజు ఆగిపోయింది. పద్నాలుగూ ఆరూ ఇరవై.

ఎందుకు కదిలిందో, ఎందుకు ఆగిందో ఈనాటికీ చెప్పలేను. ఇరవై రోజులన్నది మాత్రం నేనే.