రహీమక్క పర్షియన్ పిల్లి ఇక మా ఇంట్లోనే

నిన్న పొద్దున పొలంలో ఉండగా ఫోన్. మా వీధి టైలర్ రహీమక్క పోయిందట. హార్ట్ ఎటాక్.

మొన్ననే కదా నా జాకెట్ కుట్టి ఇచ్చింది!

ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు.

అక్క గురించి చెప్పాలంటే షీరీన్ గురించి చెప్పాలి. షీరీన్ ఆమె పర్షియన్ పిల్లి. ఎవరో షోకుకు కొనుక్కుని, వేసవి రాగానే వదిలించుకోబోతే అక్క తెచ్చుకుంది.

మొదటిసారి దాని చప్పిడి మొహం చూసి ఎవరో కొట్టారనుకుని, పసుపు పట్టుకుని పరిగెత్తాను.

అక్క ఒకటే నవ్వు. "ఎవురూ కొట్టలేదు పద్మా, దాని జాతే అంత. దీని ముత్తాతలది ఇరాన్ పక్క చలి కొండలంట. అందుకే ఇంత బొచ్చు."

మన నెల్లూరు గొర్రెకే ఒంటి మీద ఉన్ని లేదు, ఇది ఇక్కడెలా బతుకుతుందక్కా అన్నాను.

బతికించింది. ఫ్యాన్ కింద పడక, రోజూ దువ్వెన, నీరు కారే ఆ గుండ్రటి కళ్లకు తడి దూది.

ఒకసారి చిట్టమూరులో పెళ్లికి వెళుతూ దాన్ని నాకు అప్పగించింది. పిల్లే కదా, ఎలుకలు పడుతుందని వడ్ల గదిలో వదిలాను.

ఎలుకలు దాని ముందే తిరిగాయి. మహారాణి కదల్లేదు. రెండు రోజుల్లో బొచ్చంతా ఊక పట్టి ఉండలు కట్టింది.

అక్క తిరిగొచ్చి, సాయంత్రం దాకా కూర్చుని ఒక్కో చిక్కూ విప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు.

"దీనికి వేట రాదు పద్మా. పోట్లాటా రాదు. మన పక్కన కూర్చునేదొకటే వచ్చు."

నిన్న ఖననం అయ్యాక, దాన్ని చేపల మార్కెట్లో వదిలేద్దాం, తిండికి లోటుండదు అన్నారు బంధువులు.

నాకు ఒళ్లు మండింది. కుక్క తరిమితే పరిగెత్తడం కూడా తెలియని దాన్నా?

"నేను తీసుకుపోతాండా" అని చంకనేసుకుని వచ్చేశాను.

మా అత్తగారు గుమ్మంలోనే ఆపారు. "పొద్దున్నే పొలానికి పోయేటోళ్లకి పిల్లి ఎదురొస్తే ఎట్టమ్మే?"

"రోజూ రానీ అత్తా. అదే అలవాటవుతాది."

ఆమె ఇంకా నాతో మాట్లాడటం లేదు. మాట్లాడినప్పుడే మాట్లాడతారు. నేను మాత్రం దీన్ని ఎవరికీ ఇవ్వను.

షీరీన్ నిన్నటి నుంచి ఏమీ తినలేదు. ఇందాకే నా చేతిలోంచి రెండు ముద్దలు తింది. ఏడుపు ఆగలేదు నాకు.

వెళ్లిరా అక్కా. నీ అల్లా నిన్ను చల్లని చోట ఉంచాలి. దీని గురించి బెంగపడకు.