బొగ్గు పారతో దిగిన ఫొటో

ఆవిడ ఎక్కడుందని వార్డు సిస్టర్ అడిగితే తెలీదన్నాను. నాకు తెలుసు. మొన్నటిదాకా ఎవరికీ చెప్పని మాట ఇదే.

ఐర్లండ్‌లో, డబ్లిన్‌కి ఉత్తరాన ఒక ఊళ్లో ఉండేవాళ్లం. మా ఇంటికి మూడిళ్ల అవతల ఆవిడ. భీమవరం వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. నేను డాక్టర్‌గా ఉన్న వార్డులోనే కేరర్. రోగులకు ఒళ్లు తుడవడం, పక్కలు మార్చడం ఆవిడ పని. ఒక మార్చిలో మంచు తుఫానొస్తోందని, ఎవరూ బయటికి రావద్దని రెడ్ వార్నింగ్ ఇచ్చి బస్సులు ఆపేశారు. పొద్దున తలుపు తీస్తే నడుం ఎత్తు మంచు. ఇక్కడ మంచు తవ్వే పార ఎవరింట్లోనూ ఉండదు. ఆవిడ మాత్రం పొయ్యిలోకి బొగ్గు వేసుకునే చిన్న పారతో మా గుమ్మం దాకా తవ్వుకుంటూ వచ్చింది.

"బయల్దేరండి డాక్టర్‌గారూ. రాత్రి డ్యూటీవాళ్లు మనకోసం కళ్లు కాయలు కాసేలా చూస్తుంటారు."

"నాకు నడుం పట్టేసింది," అన్నాను. పట్టలేదు.

"అయితే నా వెనకే రండి. జారితే నా మీద పడకండి. ఇద్దరం కూరుకుపోతే మంచు కరిగేదాకా ఎవరికీ దొరకం."

రెండు గంటలు ఆవిడ తవ్వింది, నేను వెనకాల నడిచాను. రొప్పుతూ ఆగితే, "తొందరగా కానీ," అన్నాను. కేరరే కదా అని, అంత పెద్దావిణ్ణి నువ్వు అనేవాణ్ణి.

ఆవిడ నవ్వేసింది. "రొయ్యల చెరువులకి గట్లు పోసిన చేతులండీ ఇవి. మీరు స్టెతస్కోపు తడవకుండా చూసుకోండి చాలు."

హాస్పిటల్ గేటు దగ్గర అంబులెన్సులు వచ్చే దారి పూడిపోయింది. ముసలి పోర్టర్ ఒక్కడే అవస్థ పడుతున్నాడు. ఆవిడ అతనికి సాయంగా ఆగింది. నేను ఆ పార అడిగి పుచ్చుకుని, నా ఫోను ఆవిడకిచ్చి, "ఒక ఫొటో తియ్యి," అన్నాను. ఆవిడ గ్లవ్ విప్పి, ఎర్రగా కమిలిన వేలితో నొక్కింది. పార తిరిగి ఇచ్చేసి లోపలికి పోయాను.

టీ, టోస్టు ఇచ్చారు. అప్పుడే సిస్టర్ ఆవిడేదని అడిగింది. గేటు దగ్గర తవ్వుతోందని చెబితే, మరి నువ్వెందుకు సాయం పట్టకుండా వచ్చేశావంటుందని తెలీదన్నాను. గంట తర్వాత ఆవిడ వచ్చేసరికి అందరి ముందూ చీవాట్లు. "డాక్టర్ రాగలిగినప్పుడు నువ్వెందుకు రాలేవు?" ఆవిడ నా వైపు చూసింది. నేను టోస్టు నములుతూనే ఉన్నాను. ఆ వెన్న జిడ్డు ఇప్పటికీ నాలుక మీద ఉన్నట్టే ఉంటుంది.

మూడో రోజుకి మంచు నల్లబడి, కింద నుంచి కుక్క పెంట, సిగరెట్ పీకలు తేలాయి. నా ఫొటో అప్పటికే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఉగాదికి హాల్లో నాకు శాలువా కప్పారు. మైకు పట్టుకుని వృత్తిధర్మం గురించి మాట్లాడాను. వెనకాల పులిహోర వడ్డిస్తున్న ఆవిడ గరిటె పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. తవ్వనివాడికి శాలువా, తవ్వినావిడకి చీవాట్లు. ఆపడానికి నా ఒక్క మాట చాలు. నేను శాలువా సర్దుకున్నాను.

మొన్న ఆవిడ రిటైరైంది. వార్డులో కేక్ కోశారు. ఆ సిస్టర్ కూడా అక్కడే ఉంది. అందరూ వినేలా ఇంగ్లీషులో జరిగిందంతా చెప్పాను. నడుం నొప్పి అబద్ధం కూడా. ఎవరూ కేక్ ముట్టుకోలేదు.

"నేనెక్కడున్నానో మీరు తెలీదన్నారని సిస్టర్ ఆ రోజే నాతో చెప్పిందండీ," అంది ఆవిడ తెలుగులో, నెమ్మదిగా. "ఉగాది దాకా చూశాను, మీరే చెబుతారని. తర్వాత చూడ్డం మానేశాను."

"మీరు ఎక్కడున్నారో నాకు తెలుసు అక్కా," అన్నాను. "తెలిసే తెలీదన్నాను. నన్ను క్షమించండి."